మీది ఎడమ మెదడా, కుడి మెదడా? - ఒక లేబుల్ చరిత్ర

2007 చివర్లో సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనిచేసిన వాళ్ళకి ఆ బొమ్మ గుర్తుండే ఉంటుంది. నల్లటి నీడలాంటి ఒక నర్తకి ఒంటికాలి మీద గిర్రున తిరుగుతూ ఉంటుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతున్నట్టు కనిపిస్తే మీది కుడి మెదడు, ఎదురు దిశలో కనిపిస్తే ఎడమ మెదడు అని కింద రాసి ఉండేది. ఆ ఫార్వర్డ్ మెయిలు ఎన్ని ఇన్‌బాక్సులు తిరిగిందో లెక్కే లేదు. "నాకు కుడివైపే తిరుగుతోంది, నేను క్రియేటివ్" అని ఒకరు, "నాకు అటూ ఇటూ తిరుగుతోంది, నేను జీనియస్" అని ఇంకొకరు!

ఆ బొమ్మని జపాన్‌కి చెందిన నొబుయుకి కయహారా అనే వెబ్ డిజైనర్ 2003లో చేశాడు. అందులో ఉన్నది నీడ మాత్రమే. ఏ కాలు ముందుంది, ఏ కాలు వెనకుంది అన్న సమాచారం అందులో లేదు. లేని సమాచారాన్ని మన కన్నూ మెదడూ కలిసి ఊహించుకుంటాయి, అందుకే ఎటు తిరిగినట్టయినా కనిపించచ్చు. మెదడు పరీక్ష అన్న తోక 2007లో ఒక ఆస్ట్రేలియా పత్రిక ద్వారా ప్రచారంలోకొచ్చింది. మెదడులో ఏ సగం గట్టిదో చెప్పే శక్తి ఆ నర్తకికి బొత్తిగా లేదు.

సరదా బొమ్మే, పోనీలెమ్మని వదిలెయ్యచ్చు. కానీ దాని వెనకున్న మాట అంత సరదాది కాదు. "నువ్వు లెఫ్ట్ బ్రెయిన్ మనిషివి, లాజిక్ నీ పని. డిజైనూ, క్లయింటుతో మాట్లాడ్డమూ రైట్ బ్రెయిన్ వాళ్ళు చూసుకుంటారు" అనే మాట ట్రైనింగు రూముల్లో వినపడుతూనే ఉంటుంది. పిల్లల విషయంలో అయితే ఇంకా ముందే మొదలౌతుంది. వాడికి లెక్కలొస్తాయి కాబట్టి ఎడమ మెదడు, ఎంపీసీలో పడేద్దాం. దీనికి బొమ్మలంటే ఇష్టం కాబట్టి కుడి మెదడు, ఇది చదువులో పైకి రాదు. ఇలా ఒక్క మాటతో ఒక మనిషి దారి మూసెయ్యచ్చు.

ఇంతకీ ఈ మాట ఎక్కడ పుట్టింది? మెదడు రెండు సగాలకీ తేడా లేదా అంటే, ఉంది. చాలానే ఉంది. మరి లేబుల్ ఎందుకు తప్పు? మనం ఒక పనిలోకి దూకడానికీ, ఇంకో పని నుంచి వెనక్కి జంకడానికీ ఆ తేడాతో సంబంధం ఏమైనా ఉందా? కథ కాస్త పొడుగే, టీ తెచ్చుకుని కూర్చోండి.

1861 ఏప్రిల్. పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రి. పాల్ బ్రోకా అనే సర్జన్ దగ్గరికి లెబోర్న్ అనే రోగిని తీసుకొచ్చారు. 21 ఏళ్ళుగా ఆ ఆసుపత్రిలోనే ఉంటున్నాడు. ఏమడిగినా "టాన్, టాన్" అంటాడు, అంతే. ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమౌతుంది, సైగలతో జవాబు చెప్తాడు, మాట మాత్రం రాదు. కుడి చెయ్యీ, కుడి కాలూ పడిపోయాయి. ఏప్రిల్ 17న అతను చనిపోయాక బ్రోకా మెదడు తీసి చూస్తే ఎడమ సగంలో, ముందు భాగంలో దెబ్బతిన్న చోటు కనిపించింది. తర్వాత అలాంటి రోగుల్ని ఇంకా చూసి 1865 నాటికి బ్రోకా తేల్చి చెప్పాడు: మనిషి మాట్లాడేది మెదడు ఎడమ సగంతో అని.

నిజానికి ఈ మాట ఆయన కంటే ముందే ఒక పల్లెటూరి డాక్టరు కనిపెట్టాడట. దక్షిణ ఫ్రాన్స్‌కి చెందిన మార్క్ డాక్స్, మాట పోయిన తన రోగుల్లో దెబ్బ ఎడమవైపే ఉంటోందని గమనించి 1836లోనే రాసి పెట్టుకున్నాడని ఆయన కొడుకు చెప్పాడు. ఆ వ్యాసం అచ్చయింది మాత్రం 1865లోనే. ఎవరు ముందు అన్న తగువు ఇప్పటికీ పూర్తిగా తెగలేదు. మన పేటెంట్ల గొడవలు కొత్తవేం కాదన్నమాట.

అప్పటిదాకా మెదడంటే రెండు కళ్ళలాగా, రెండు కిడ్నీలలాగా ఒకేరకం జంట అనుకునేవాళ్ళు. ఇప్పుడు ఒక సగానికి మాట ఉంది, రెండోదానికి లేదు. ఇక్కడే జరిగింది మొదటి పొరపాటు. మాట ఉన్నది గొప్పది, నాగరికమైనది అయిపోయింది. మాటలేనిది అనాగరికం, ఆవేశం, పిచ్చి అయిపోయింది. పారిస్‌లో లూయిస్ అనే వైద్యుడు మానసిక రోగుల మెదళ్ళని తూచి వాళ్ళలో కుడి సగం బరువెక్కువ ఉంటుందని రాశాడు. ఎడమ సగానికి మగవాణ్ణీ, యూరోపియన్‌నీ జతచేశారు. కుడి సగానికి ఆడవాళ్ళనీ, యూరప్ పాలన కింద ఉన్న దేశాల జనాన్నీ జతచేశారు. ఆ లెక్కన మన ముత్తాతలంతా కుడి మెదడు జనమే! "ఫలానా పని మెదడులో ఫలానా చోట జరుగుతుంది" అన్న పరిశీలన, ముప్ఫై ఏళ్ళు తిరక్కుండానే "ఫలానా రకం జనం తక్కువరకం" అన్న తీర్పుగా మారిపోయింది.

దీనికి విరుగుడుగా ఇంకో విచిత్రం కూడా వచ్చింది. కుడిచెయ్యి వాడితే ఎడమ సగం ఒక్కటే పెరుగుతోంది, ఎడమచెయ్యి కూడా వాడితే రెండో సగం కూడా పెరిగి మనిషి రెట్టింపు అవుతాడని కొందరు నమ్మారు. 1903లో ఇంగ్లండ్‌లో జాన్ జాక్సన్ అనే ఆయన దీనికోసం ఏకంగా ఒక సంఘం పెట్టాడు. రెండు చేతులతో ఒకేసారి రెండు వేరు వేరు పనులు చెయ్యగల పౌరుల్ని తయారు చెయ్యాలని వాళ్ళ ఆశయం. 1905లో ఆయన రాసిన పుస్తకానికి స్కౌట్ ఉద్యమం బేడెన్ పావెల్ ముందుమాట రాశాడు. ఆ ఉత్సాహం కొన్నాళ్ళకి చల్లారింది. కానీ ఆలోచన చావలేదు. నూరేళ్ళ తర్వాత మన ఊళ్ళల్లో "కుడి మెదడుని నిద్రలేపుతాం", "మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ చేస్తాం, మీ పిల్లలు కళ్ళకి గంతలు కట్టుకుని చదువుతారు" అని ఫీజులు వసూలు చేసిన క్లాసులు దాని మనవలే.

సరే, ఇక్కడిదాకా మాట గురించే. మరి ఉత్సాహం, దిగులు, భయం, పంతం... వీటి సంగతి? ఈ రెండో కథ చాలా నెమ్మదిగా, ఆసుపత్రి మంచాల దగ్గర మొదలైంది.

1914లో పారిస్‌లో జోసెఫ్ బాబిన్‌స్కీ అనే నరాల వైద్యుడు ఒక వింత సంగతి చెప్పాడు. ఎడమవైపు పక్షవాతం వచ్చిన కొందరు రోగులు తమకి పక్షవాతం వచ్చిందనే ఒప్పుకోరు. ఎడమచెయ్యి ఎత్తమంటే ఎత్తరు, అడిగితే ఎత్తాను కదా అనో, ఇప్పుడు ఓపిక లేదనో అంటారు. శరీరం ఎడమవైపుని నడిపించేది మెదడు కుడి సగం కాబట్టి దెబ్బ కుడి సగానికన్నమాట. మరోవైపు, మొదటి ప్రపంచయుద్ధంలో తలకి గాయాలైన సైనికుల్ని జర్మనీలో చూసిన కుర్ట్ గోల్డ్‌స్టైన్ దీనికి పూర్తిగా వేరే దృశ్యాన్ని వర్ణించాడు. చిన్న పని చెయ్యలేకపోయినా కుప్పకూలిపోయి, ఏడ్చి, కోపగించుకుని, ఇంక నావల్ల కాదని చేతులెత్తేసే రోగులు. ఈ తీరు ఎడమ సగం దెబ్బతిన్న వాళ్ళలో ఎక్కువని తర్వాత తర్వాత తెలిసింది.

1940ల చివర్లో జపాన్‌లో జున్ వాడా అనే డాక్టరు ఒక పద్ధతి కనిపెట్టాడు. మెడలో ఒకవైపు రక్తనాళంలోకి మత్తుమందు పంపిస్తే ఆ వైపు మెదడు సగం మాత్రమే కొద్ది నిమిషాలు నిద్రపోతుంది. ఆపరేషన్‌కి ముందు మాట ఎటువైపు ఉందో తెలుసుకోవడానికి ఇది వాడేవాళ్ళు. ఇటలీ డాక్టర్లు ఇదే పరీక్ష చేస్తూ ఇంకోటి గమనించారు. ఎడమ సగం నిద్రపోయినప్పుడు కొందరు రోగులు దిగులుపడి ఏడుస్తున్నారు. కుడి సగం నిద్రపోతే నవ్వుతున్నారు, జోకులేస్తున్నారు. కెనడాలోని మాంట్రియల్ బృందానికి మాత్రం ఇంత స్పష్టమైన తేడా కనపడలేదు. ఆ వాదన అలా నడుస్తుండగానే 1972లో ఇటలీకి చెందిన గైడో గైనోట్టి 160 మంది రోగుల్ని పరిశీలించి ఫలితాలు వేశాడు. ఎడమ సగం దెబ్బతిన్న వాళ్ళలో ఆ కుప్పకూలే తీరు ఎక్కువ. కుడి సగం దెబ్బతిన్న వాళ్ళలో ఏమీ పట్టనితనం, తన జబ్బుని తనే తేలిగ్గా తీసిపారెయ్యడం ఎక్కువ.

ఇలా ఒక బొమ్మ మెల్లగా రూపం కట్టింది. ఎడమ సగం ముందుభాగం మనిషిని ముందుకి తోస్తుంది, కుడిది ఆపుతుంది. ఒకటి యాక్సిలరేటర్, ఒకటి బ్రేకు. ఒకటి దెబ్బతింటే రెండోదే మిగుల్తుంది. చాలా ముచ్చటగా ఉంది కదా? అంత ముచ్చటగా ఉన్న థియరీని చూసినప్పుడే మనం కొంచెం జాగ్రత్తపడాలి. ఆ సంగతికి మళ్ళీ వస్తాను. ఈలోగా అమెరికాలో అసలు సిసలు సంచలనం జరుగుతోంది.

1962లో లాస్ ఏంజిలెస్‌లో వోగెల్, బోగెన్ అనే ఇద్దరు సర్జన్లు, తీవ్రమైన మూర్ఛలతో బాధపడుతున్న ఒక మాజీ సైనికుడికి ఆపరేషన్ చేశారు. వైద్య సాహిత్యంలో ఆయన పేరు డబ్ల్యూ.జె. మెదడు రెండు సగాలనీ కలిపే సుమారు 20 కోట్ల నరాల తంతువుల కట్టని, అంటే కార్పస్ కెలోసమ్‌ని, కోసేశారు. మూర్ఛలు బాగా తగ్గాయి. మనిషి పైకి మామూలుగానే ఉన్నాడు. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రోజర్ స్పెర్రీ, ఆయన శిష్యుడు మైకేల్ గజానిగా ఆయన్ని జాగ్రత్తగా పరీక్షిస్తే ఒక్కో వింతా బయటపడింది. రంగు దిమ్మెలు పేర్చి డిజైన్ చెయ్యమంటే ఎడమచెయ్యి చకచకా చేసేస్తుంది, కుడిచెయ్యి తడబడుతుంది. తడబడుతున్న కుడిచేతికి సాయం చెయ్యబోయి ఎడమచెయ్యి మధ్యలో దూరేది!

మన మోటివేషన్ కథకి అసలు ముఖ్యమైనది ఆ తర్వాత వచ్చింది. 1970లలో గజానిగా, జోసెఫ్ లెడూ కలిసి ఇలాంటి ఆపరేషన్ జరిగిన ఒక కుర్రాణ్ణి పరీక్షించారు. తెర మీద కుడివైపు కోడికాలు చూపించారు, అది మాట వచ్చిన ఎడమ సగానికి వెళ్తుంది. ఎడమవైపు మంచు కప్పిన ఇల్లు చూపించారు, అది మాట రాని కుడి సగానికి వెళ్తుంది. ఇప్పుడు ముందున్న బొమ్మల్లో సరిపోయేవి ఎంచుకోమంటే కుడిచెయ్యి కోడిని చూపించింది, ఎడమచెయ్యి పారని చూపించింది. మంచు ఎత్తిపోయడానికి పార, అంతవరకూ సరిగ్గానే ఉంది. పార ఎందుకు ఎంచుకున్నావు అని అడిగితే? మాట్లాడేది ఎడమ సగం. దానికి మంచు సంగతే తెలియదు. అయినా "తెలియదు" అనలేదు. కోళ్ళ గూడు శుభ్రం చెయ్యడానికి పార కావాలి కదా అని ఠక్కున చెప్పింది. ఇంకో పరీక్షలో కుడి సగానికి మాత్రమే "నడువు" అన్న మాట చూపిస్తే మనిషి లేచి బయల్దేరాడు. ఎక్కడికి అంటే కూల్ డ్రింకు తెచ్చుకోవడానికని చెప్పాడు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పని ఒక సగం చేసింది, కారణం ఇంకో సగం అల్లింది. పైగా అది అబద్ధమాడుతున్నానని కూడా దానికి తెలియదు. గజానిగా దీనికి ఇంటర్‌ప్రెటర్ అని పేరు పెట్టాడు. "నేనీ పని ఎందుకు చేశానంటే..." అని మనం ఇచ్చే సంజాయిషీల్లో కొన్నయినా, పని అయిపోయాక రాసుకున్న రిలీజ్ నోట్స్‌లాంటివి అన్నమాట. నా మటుకు నాకు మొత్తం ఈ చరిత్రలో అన్నిటికంటే గొప్ప సంగతి ఇదే. విచిత్రం ఏమిటంటే జనంలోకి వెళ్ళింది మాత్రం ఇది కాదు.

జనంలోకి వెళ్ళింది లేబుల్. 1973లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్ మనమంతా ఎడమ మెదడు వాళ్ళమో కుడి మెదడు వాళ్ళమో అన్న అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం వేసింది. 1976లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో హెన్రీ మింట్జ్‌బర్గ్ ప్లానింగ్ ఎడమవైపు, మేనేజింగ్ కుడివైపు అని రాశాడు. 1979లో బెట్టీ ఎడ్వర్డ్స్ కుడి మెదడుతో బొమ్మలు గియ్యడం ఎలాగో చెప్తూ పుస్తకం రాస్తే లక్షల్లో అమ్ముడుపోయింది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో మేనేజర్ల శిక్షణ చూసే నెడ్ హెర్మన్, ఉద్యోగుల ఆలోచనా తీరుని మెదడు పేరుతో నాలుగు గళ్ళలో కొలిచే ప్రశ్నపత్రం తయారు చేశాడు. స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది. ఈ ఎడమ కుడి విభజన సులభంగా చెయ్యిదాటిపోయే ఆలోచన అని స్వయంగా స్పెర్రీయే హెచ్చరించాడు కూడా. కానీ అప్పటికే బండి వెళ్ళిపోయింది.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ వింతలన్నీ కేబుల్ తెగ్గోసిన మనుషులవి. మన తలలో ఆ 20 కోట్ల తంతువులూ పనిచేస్తూనే ఉన్నాయి. రెండు సర్వర్ల మధ్య నెట్‌వర్క్ పీకేసి ఏది ఏం చేస్తుందో చూడటం మంచి టెస్టింగే. కానీ ప్రొడక్షన్‌లో అవి విడివిడిగానే నడుస్తాయని దాన్ని బట్టి రాసుకుంటే ఎలా?

ఇక మన దగ్గరకొద్దాం. 2005లో డానియెల్ పింక్ రాసిన ఏ హోల్ న్యూ మైండ్ అనే పుస్తకం అమెరికాలో బాగా ఆడింది. ఎడమ మెదడు పని, అంటే వరస ప్రకారం చేసే కోడింగు, లెక్కలు లాంటివి ఆసియాకి వెళ్ళిపోతాయి, లేదా కంప్యూటర్లే చేసేస్తాయి. అమెరికన్లు బతకాలంటే కుడి మెదడు పని, అంటే డిజైను, కథ చెప్పడం, ఎదుటివాడి మనసు తెలుసుకోవడం లాంటివి నేర్చుకోవాలి. స్థూలంగా ఇదీ వాదన. ఎడమ కుడి అన్నది ఒక ఉపమానమేనని ఆయన చెప్పుకున్నాడు, నిజమే. కానీ ఉపమానాలు మీటింగు రూముల్లోకి వచ్చేసరికి ఉపమానాలుగా మిగలవు. 1880లలో మనల్ని కుడి మెదడు జనం అన్నారు, ఎందుకంటే అప్పుడు అది తక్కువ సగం. 2005 వచ్చేసరికి ఎడమ మెదడు జనం అయ్యాం, ఎందుకంటే ఇప్పుడు అది చవక సగం! మెదడు మారలేదు, బోర్డు మీద ఏ సగానికి ధర ఎక్కువో అది మారింది. హైదరాబాదు, బెంగుళూరు, న్యూజెర్సీల్లో కూర్చుని "మనం ఎగ్జిక్యూషన్‌కే పనికొస్తాం, ఆర్కిటెక్చర్ వాళ్ళది" అని మనకి మనమే నమ్ముకున్న రోజులున్నాయి చూడండి, ఆ నమ్మకానికి ఈ లేబుల్ కూడా ఒక చెయ్యి వేసింది.

సరే, ఇందాక ముచ్చటైన థియరీ అన్నానే, దాని సంగతేమైందో చూద్దాం. 1970ల మధ్య నుంచి రిచర్డ్ డేవిడ్‌సన్ అనే సైకాలజిస్టు ఈఈజీతో ఈ పని మొదలెట్టాడు. నుదుటి మీద ఎడమవైపు, కుడివైపు ఆల్ఫా తరంగాలు కొలవడం. ఆల్ఫా ఎక్కువుంటే ఆ చోటు తీరిగ్గా ఉన్నట్టు. సీపీయూ ఐడిల్ శాతం చూసి లోడు అంచనా కట్టడం లాంటిదే. 1982లో ఆయన, నేథన్ ఫాక్స్ కలిసి పది నెలల పసిపిల్లలకి వీడియో చూపించారు. నవ్వే మొహం చూస్తున్నప్పుడు ఎడమ ముందుభాగం సాపేక్షంగా చురుగ్గా ఉంది. సంతోషం ఎడమ, బాధ కుడి అని అందరూ అనుకున్నారు.

మరి కోపం? కోపం సంతోషం కాదు, కాబట్టి కుడివైపు ఉండాలి. 1998లో ఎడ్డీ హార్మన్ జోన్స్, జాన్ ఆలెన్ కొలిచి చూస్తే తొందరగా కోపమొచ్చే తీరు ఎడమవైపు చురుకుతనంతోనే కలిసి కనిపించింది. 2001లో హార్మన్ జోన్స్ ఇంకో పరీక్ష చేశాడు. కాలేజీ విద్యార్థులు రాసిన వ్యాసాల్ని కావాలని తిట్టి వెనక్కిచ్చి కొలిచాడు (కోడ్ రివ్యూ గుర్తొచ్చిందా?). అప్పుడూ ఎడమవైపే. అంటే తేడా మంచి భావం, చెడ్డ భావం మధ్య కాదు. ముందుకెళ్ళడం, వెనక్కి తగ్గడం మధ్య. కోపమొచ్చినవాడు వెనక్కి పోడు, మీదకొస్తాడు. సంతోషమైనా, పంతమైనా, ఆకలైనా, "దీని అంతు చూస్తా" అన్న కసి అయినా అన్నీ ముందుకి తోసేవే. భయం, అసహ్యం వెనక్కి లాగేవి. ప్రేరణ అన్నది భావం రంగుని బట్టి కాక, కదలిక దిశని బట్టి అర్థం చేసుకోవాలన్నమాట.

ఇది మనుషులకే పరిమితం కాదు. 2007లో ఇటలీలో జార్జియో వల్లోర్తిగారా బృందం 30 కుక్కల తోకల్ని వీడియో తీసింది. యజమానిని చూసినప్పుడు తోక ఎక్కువగా కుడివైపు ఊగింది, అంటే ఎడమ మెదడు. తెలియని బలమైన కుక్క కనపడితే ఎడమవైపు ఊగింది. ఆస్ట్రేలియాలో లెస్లీ రోజర్స్ కోడిపిల్లల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. గుడ్డులో ఉన్నప్పుడు పిల్ల కుడికన్ను పెంకువైపు ఉండి దానికి వెలుగు తగులుతుంది, ఎడమకన్ను ఒంటిచాటున ఉంటుంది. చీకట్లో పొదిగితే ఈ తేడా సరిగా ఏర్పడదు. 2004లో ఆమె వల్లోర్తిగారాతో కలిసి రెండు రకాల పిల్లలకీ ఒకేసారి రెండు పనులు పెట్టింది. గులకరాళ్ళ మధ్య గింజలు ఏరుకోవాలి, పైన తిరిగే గద్ద బొమ్మని కూడా కనిపెట్టుకుని ఉండాలి. వెలుగులో పొదిగిన పిల్లలు రెండూ నెగ్గుకొచ్చాయి. చీకట్లో పొదిగినవి రెండిట్లోనూ తికమకపడ్డాయి.

సగాల మధ్య తేడా ఎందుకుందో నాకు ఈ కోడిపిల్లలతో బాగా అర్థమైంది. ఒక థ్రెడ్ గింజల మీద, ఇంకో థ్రెడ్ గద్ద మీద. రెండూ ఒకే కోడిపిల్లలో, ఒకే సమయంలో. "గింజ మెదడు కోడి", "గద్ద మెదడు కోడి" అని రెండు జాతులు లేవు. గింజ ఒక్కటే చూసే కోడిని గద్ద ఎత్తుకుపోతుంది. గద్ద ఒక్కటే చూసే కోడి ఆకలితో పోతుంది.

మనుషుల్లో కూడా ఇదే తేలింది. 2013లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు 7 నుంచి 29 ఏళ్ళ మధ్య వయసున్న 1011 మంది మెదడు స్కాన్లు తీసుకుని, ఒక్కో మెదడునీ 7 వేలకు పైగా భాగాలుగా విడగొట్టి చూశారు. భాషలాంటి కొన్ని పనులు ఎడమవైపు, ధ్యాస పెట్టడంలాంటివి కొన్ని కుడివైపు మొగ్గాయి, అది నిజమే. కానీ మొత్తం మీద ఎడమ సగం నెట్‌వర్కే బలంగా ఉన్న మనుషులూ, కుడి సగం నెట్‌వర్కే బలంగా ఉన్న మనుషులూ అని రెండు రకాలు దొరకలేదు.

అయితే ముందుకి ఎడమ, వెనక్కి కుడి అన్న సూత్రమైనా చివరిదా? అదీ కాదు. ఆ పరిశోధనల్లో చాలావాటిలో కుడిచేతి వాటం వాళ్ళనే తీసుకునేవాళ్ళు. 2012లో బ్రుక్‌షైర్, కసశాంతో అనే ఇద్దరు పుర్రచేతి వాటం వాళ్ళని కూడా కొలిస్తే వాళ్ళలో ముందుకెళ్ళే ప్రేరణ కుడి సగం వైపు కనిపించింది. వాళ్ళ ఊహ ఏమిటంటే, కత్తి పట్టే చెయ్యి ఏదో, దాన్ని నడిపే సగంలోనే "ముందుకి" ఉంటుంది. డాలు పట్టే చెయ్యి ఏదో, ఆ సగంలో "వెనక్కి" ఉంటుంది.

ఇదేదో కాగితం మీద తగువు కాదు. దిగులు జబ్బుకి, మందులు పనిచెయ్యని వాళ్ళకి, నుదుటి ఎడమవైపు అయస్కాంతంతో ప్రేరేపించే చికిత్స ఉంది. అమెరికాలో దానికి 2008లో అనుమతి వచ్చింది, మన నగరాల్లో కూడా చేస్తున్నారు. బలమైన పుర్రచేతి వాటం ఉన్నవాళ్ళకి అదే వైపు చెయ్యడం సరైనదేనా అన్న ప్రశ్న 2018లో వాళ్ళు లేవనెత్తారు. వాళ్ళు పరీక్షించింది కొద్దిమందినే, కాబట్టి తీర్పు ఇంకా రాలేదు. చికిత్స తీసుకుంటున్నవాళ్ళు ఇది చదివి ఆపెయ్యకండి, మీ డాక్టర్ని అడగండి. అలాగే ఈఈజీలో ఎడమ కుడి తేడా చూసి దిగులు జబ్బుని పట్టెయ్యచ్చని చాలాకాలం ఆశపడ్డారు. 2017లో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్కేస్తే ఆ కొలత ఒక్క మనిషిలో జబ్బుందో లేదో చెప్పడానికి పనికిరాదని తేలింది. నుదుటికి పట్టీ కట్టి మీ మోటివేషన్ స్కోరు చెప్తామని ఎవరైనా వస్తే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇంకొక్కటి. 2003లో డేవిడ్‌సన్ బృందం ఒక బయోటెక్ కంపెనీ ఉద్యోగుల్లో 25 మందికి ఎనిమిది వారాలు ధ్యానం నేర్పించి, నేర్చుకోని 16 మందితో పోల్చింది. నేర్చుకున్నవాళ్ళలో ఎడమ ముందుభాగం చురుకుతనం కొంత పెరిగింది. చిన్న పరిశోధనే, దాన్ని పట్టుకుని ఊగిపోనక్కర్లేదు. కానీ ఎనిమిది వారాల్లో జరగగలిగేది పుట్టుకతో పడ్డ ముద్ర ఎలా అవుతుంది?

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. 1861 నుంచి ఇప్పటిదాకా శాస్త్రం కొలిచింది పనుల్ని: మాట, ధ్యాస, ముందుకి దూకడం, వెనక్కి తగ్గడం. ప్రతిసారీ బయటవాళ్ళు దాన్ని మనుషుల రకాలుగా మార్చారు. అలా మార్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు నష్టపోయారు: ఒకప్పుడు ఆడవాళ్ళు, వలసదేశాల జనం, ఆ తర్వాత కోడింగు చేసే ఆసియావాళ్ళు. ఇప్పుడైతే ఆరో తరగతిలోనే సీలు పడుతున్న పిల్లలు.

ఇవాళ కోడ్‌ని యంత్రాలు కూడా రాస్తున్న కాలంలో "ఎడమ మెదడు పని అయిపోయింది, మీ పని అయిపోయింది" అన్న పాట మళ్ళీ మొదలైంది. భయపడాల్సినవి ఉంటే వాటికి భయపడదాం, నేర్చుకోవాల్సినవి నేర్చుకుందాం. కానీ మన తలలో ఒక సగమే ఉందని ఎవరో చెప్తే మాత్రం నమ్మకండి. ఒక పని మీకు చెయ్యబుద్ధి కావట్లేదంటే అది మీ మెదడు రకం కాదు. ఆ పనిలో మీకు గింజ కనిపించట్లేదో, పైన గద్ద మరీ ఎక్కువ తిరుగుతోందో చూసుకోండి. రెండోదే అయితే మారాల్సింది మీరు కాకపోవచ్చు, మీ టీము కావచ్చు, మీ మేనేజరు కావచ్చు.

ఇక పిల్లాడు ఎడమచేత్తో పెన్సిలు పట్టుకుంటే చెయ్యి మీద కొట్టే అలవాటు ఇంకా ఏ ఇంట్లోనైనా ఉంటే, దయచేసి మానేద్దాం. వాడి కత్తి ఆ చేతిలో ఉందేమో, ఎవరికి తెలుసు?